పేరు నిలిచిన రాళ్ళ వెంట: ఈజిప్టులో పది రోజులు

మొదటి రోజు: గీజా

సంక్రాంతి వెళ్ళిన మూడో నాడు బయల్దేరాం, నేనూ మా అక్కా. అక్క సంచిలో అరిసెల డబ్బా ఒకటి, కొత్త నోటుబుక్కు ఒకటి. మాచర్ల దగ్గర జిల్లా పరిషత్ హైస్కూల్లో ముప్ఫై ఒక్కేళ్ళు సోషల్ చెప్పి రిటైరైన మనిషి. ఏటా నల్లబల్ల మీద సుద్దముక్కతో పిరమిడ్ గీసి, పక్కన వంకరగా నైలు నదిని గీసి ఈజిప్టు పాఠం మొదలుపెట్టేది. అన్నేళ్ళు గీసినదాన్ని ఒక్కసారి కళ్ళారా చూడాలని ఆమె కోరిక.

నా కోరిక ఇంకా పాతది. నాకు తొమ్మిదేళ్ళప్పుడు నాన్న మమ్మల్ని హైదరాబాదు పబ్లిక్ గార్డెన్స్‌లో ఉన్న మ్యూజియానికి తీసుకెళ్ళారు. ఏడో నిజాం ఇచ్చిన ఈజిప్టు మమ్మీ అక్కడ అద్దాల పెట్టెలో ఉంటుంది. భయపడి అక్క వెనకాల నక్కాను. "నైషు అనే రాకుమారి అంటార్రా ఈవిణ్ణి" అన్నారు నాన్న. పేరు వినగానే భయం పోయింది. ముందుకొచ్చి పెట్టె మీదకి వంగి చూశాను. అప్పటిదాకా శవం, పేరు తెలిశాక మనిషి. ఆ తేడా నా మనసులోంచి ఇన్నేళ్ళూ పోలేదు.

కైరో ఊరు అయిపోతూ, అపార్టుమెంట్ల సందులోంచి ఒక్కసారిగా కనబడింది ఖుఫూ పిరమిడ్. అక్క మాట్లాడలేదు. కారు ఆగేదాకా కిటికీ అద్దం మీద చెయ్యి అలాగే ఉంచింది. అడుగున ఒక్కో వైపు దాదాపు 230 మీటర్లు. కట్టినప్పుడు ఎత్తు 146 మీటర్లు, పై పొర నున్నటి సున్నపురాయి పోయి ఇప్పుడు 138 దగ్గర ఆగింది. సుమారు 23 లక్షల రాళ్ళు. దగ్గరికెళ్ళి నిలబడితే అడుగు వరస రాళ్ళే నా గుండెల దాకా వచ్చాయి.

మోకాళ్ళు ఒప్పుకోవని అక్క బయటే కూర్చుంది. నేను లోపలికి వెళ్ళాను. నడుం వంచి, ఊపిరి బిగబట్టి, ఎత్తైన గ్యాలరీ ఎక్కి రాజుగారి గదికి చేరాక కనబడింది ఇదీ: నల్లరాతి గోడలు, మూత లేని రాతి పెట్టె. ఒక్క బొమ్మ లేదు, ఒక్క అక్షరం లేదు. ప్రపంచంలోనే పెద్ద సమాధిలో సమాధి చేయించుకున్నవాడి పేరు లేదు! పైకప్పు మీది బరువును ఆపడానికి కట్టిన ఇరుకు అరల్లో, ఇంకెవరూ చూడరనుకున్న చోట మాత్రం ఉంది. రాళ్ళు మోసిన జట్లవాళ్ళు ఎర్రరంగుతో తమ జట్టు పేరు రాసుకున్నారు, 'ఖుఫూ స్నేహితులు' అని. అలా రాజు పేరు కూలీల పేరులో కలిసి మిగిలింది.

బయటికొచ్చి ఈ సంగతి చెబితే మా గైడు ఇంకొకటి చెప్పాడు. 2013లో ఎర్రసముద్రం ఒడ్డున వాదీ అల్-జర్ఫ్ అనే చోట పపైరస్ అనే రెల్లు కాగితపు చుట్టలు దొరికాయి. రాత ఉన్న పపైరస్‌లలో ఇంతకంటే పాతవి దొరకలేదు. అందులో మేరర్ అనే మేస్త్రీ తన జట్టుతో తురా గని నుంచి సున్నపురాయిని పడవల మీద గీజాకి ఎలా చేరవేశాడో రోజువారీగా రాసి పెట్టుకున్నాడు. ఇవాళ తురాలో రాయి ఎక్కించాం, ఇవాళ గీజా చేరాం, ఇక్కడే రాత్రి పడుకున్నాం. ఖుఫూ బతికి ఉండగా రాసిన మాటలవి.

"రోజువారీ డైరీ అన్నమాట" అని అక్క నోటుబుక్కు తీసింది. స్కూలు హాజరుపట్టీలో లాగా ఎడమ పక్క నిలువు గీత కొట్టి, మొదటి పేరు రాసింది: మేరర్. ఖుఫూ పేరు ఆ కింద.

రెండో రోజు: సక్కారా

మా గైడు అక్కని 'హాగ్గా' అని పిలుస్తున్నాడు. హజ్ యాత్ర చేసిన పెద్దావిడని పిలిచే పిలుపట, ఇక్కడ పెద్దవాళ్ళందరినీ గౌరవంగా అలాగే అంటారు. అక్కకి అది బాగా నచ్చింది. పొద్దున్నే రొట్టె తింటుంటే, దాన్ని 'ఐష్' అంటారని, ఆ మాటకి బతుకు అని అర్థమని చెప్పాడు. మనం అన్నం అన్నట్టే.

సక్కారాలో జోసెర్ కట్టించిన మెట్ల పిరమిడ్ ఆరు అంతస్తులు, 62 మీటర్లు. ఈజిప్టులో రాతితో లేపిన మొదటి పిరమిడ్ ఇదే, క్రీ.పూ. 27వ శతాబ్దం నాటిది. కట్టినవాడిగా చెప్పే ఇమ్‌హోతెప్ పేరు జోసెర్ విగ్రహం పీఠం మీద రాజు పేరుతో పాటు చెక్కి ఉంది. రాజు పీఠం మీద ఉద్యోగి పేరుకి చోటివ్వడం చిన్న విషయం కాదు.

నన్ను నిలబెట్టేసింది మాత్రం పక్కన కూలిపోయి మట్టిదిబ్బలా ఉన్న ఉనాస్ పిరమిడ్. దీని లోపలి గోడల మీదే మొట్టమొదటిసారి పిరమిడ్ మంత్రాలు చెక్కారు. చచ్చిపోయిన రాజు లేచి, నక్షత్రాల్లో కలవాలని చదివే మంత్రాలు. బయట దక్షిణం వైపు మాత్రం, పైన, ఇంకో శాసనం ఉంది. రెండవ రామ్సెస్ కొడుకు ఖయెంవసెత్ చెక్కించినది. ఉనాస్ పోయి అప్పటికి వెయ్యేళ్ళు దాటింది. పిరమిడ్ మీద రాజు పేరు కనబడటం లేదు కాబట్టి మళ్ళీ రాయిస్తున్నానని అందులో ఉంది. పాత రాజుల కట్టడాలు బాగుచేయించడమంటే ఆ యువరాజుకి ఎంతో ఇష్టం. తన పేరు చెక్కించుకోవడానికి ఒక్క మాట చాలు. ఆయన మాత్రం ముందు ఉనాస్ పేరు రాయించాడు.

ఈజిప్టువాళ్ళకి పేరంటే మనిషిలో ఒక భాగం. ఒళ్ళు, నీడ, గుండె, వీటితో పాటు 'రెన్'. పేరు పలికేవాళ్ళున్నంత కాలం మనిషి బతికినట్టే. సమాధుల్లో దారిన పోయేవాళ్ళని పలకరిస్తూ రాసేవాళ్ళు: భూమ్మీద బతికున్నవాళ్ళారా, ఇటుగా వెళ్ళేవాళ్ళారా, ఫలానావాడికి వెయ్యి రొట్టెలు, వెయ్యి కుండల బీరు అని నోటితో ఒక్కసారి అనండి, నోటి ఊపిరే కదా అని.

"తద్దినంలో బ్రాహ్మడు మూడు తరాల పేర్లు చెప్పించేది ఇందుకే కదరా" అంది అక్క. నాన్న తద్దినం గుర్తొచ్చి ఇద్దరం కాసేపు ఏమీ మాట్లాడుకోలేదు.

మూడో రోజు: గ్రాండ్ ఈజిప్షియన్ మ్యూజియం

2025 నవంబరు 1న లాంఛనంగా ప్రారంభించిన ఈ మ్యూజియం గుమ్మంలోనే రెండవ రామ్సెస్ నిలబడి ఉంటాడు. 11 మీటర్ల ఎత్తు, 83 టన్నుల బరువు. కైరో రైల్వే స్టేషను ఎదురుగా కార్ల పొగలో యాభై ఏళ్ళు నిలబడి, 2006లో ఇటు వచ్చాడు. పక్కనే వేరే భవనంలో ఖుఫూ కోసం పూడ్చిన దేవదారు పడవ, 43 మీటర్లది, 1954లో బయటపడింది. ఒక్క మేకు లేకుండా తాళ్ళతో కుట్టిన పడవ అది. అక్కడే చాలాసేపు ఉండిపోయాం.

మేం వచ్చింది తుతాంఖమున్ కోసం. 1922 నవంబరులో హోవర్డ్ కార్టర్ తవ్వితీసిన ఆ చిన్న సమాధిలో దొరికిన 5,000 పైచిలుకు వస్తువులూ ఇప్పుడు మొదటిసారి ఒక్కచోట పెట్టారు. బంగారు ముసుగు పది కిలోలకి పైనే ఉంటుంది. ముసుగు ముందు జనం కమ్ముకుని ఉన్నారు. నాకు బంగారు సింహాసనం దగ్గర చోటు దొరికింది. వీపు ఆనే చోట రాజూ, రాణీ. రాణి చేత్తో భర్త భుజానికి నూనె రాస్తోంది. పైన సూర్యబింబం, ప్రతి కిరణం చివర ఒక చిన్న చెయ్యి.

కార్టూష్ అంటే రాజు పేరు చుట్టూ కోలగా గీసే తాడు లాంటి గీత. లోపల ఉన్న పేరుకి కంచె అది. ఈ సింహాసనం మీద రెండు రకాల పేర్లున్నాయి. ఒకచోట తుతాంఖాతెన్, ఇంకోచోట తుతాంఖమున్. ఎనిమిది, తొమ్మిదేళ్ళ పిల్లాడు సూర్యబింబ దేవుడైన అతెన్ పేరుతో గద్దె ఎక్కాడు. తండ్రి అఖెనాతెన్ కాలంలో దేశమంతా పాత పెద్ద దేవుడు అమున్ పేరుని ఉలితో కొట్టించారు. పిల్లాడి కాలంలో ఆ అమున్ మళ్ళీ తిరిగొచ్చి, పిల్లాడి పేరులోనే చేరాడు. పంతొమ్మిదేళ్ళకి పోయాడు. పేరు మార్చిందెవరు, అతనా, చుట్టూ ఉన్న పెద్దలా? పక్కనే వాడు ఆడుకున్న పలకలు, వాడి చిన్ననాటి కుర్చీ పెట్టారు. నాకు ఆ కుర్చీయే ఎక్కువ గుర్తుండిపోయింది.

నాలుగో రోజు: తహ్రీర్, మమ్మీల గది

తహ్రీర్ కూడలిలో ఉన్న పాత మ్యూజియంలో మనం అనుకున్న దానికంటే చాలా చిన్న వస్తువు ఒకటుంది. ఏడున్నర సెంటీమీటర్ల దంతపు బొమ్మ. అంత పెద్ద పిరమిడ్ కట్టించిన ఖుఫూ పేరుతో పూర్తి ఆకారంలో మిగిలిన బొమ్మ ఇదొక్కటే. 1903లో అబీదోస్‌లో పెట్రీ అనే ఇంగ్లీషు పురావస్తు పండితుడు తవ్విస్తుంటే తల లేకుండా దొరికింది. పోయిన తలకోసం మూడు వారాలు మట్టి జల్లెడ పట్టించి వెతికించాడు. దొరికింది. నా బొటనవేలంత లేదు ఆ తల.

ఆ పక్క హాల్లో నార్మర్ పలక. ఈజిప్టుని ఏకం చేశాడని చెప్పే రాజు, క్రీ.పూ. 3100 ప్రాంతం. పలక పైభాగంలో పేరు ఉంటుంది: ఒక జెల్లచేప, కింద ఉలి. చేప 'నార్', ఉలి 'మెర్'. అప్పుడే పుడుతున్న రాత అది. ఆ తొలి రాతల్లో రాజు పేరు ఇలా ఉంది.

"పేరంటే చేపా, ఉలీ!" అని అక్క మురిసిపోయి, బుక్కులో చేప బొమ్మ గీసుకుంది. "ఇది ముందే తెలిసుంటే ఎంత బాగా చెప్పేదాన్నో పిల్లలకి" అంది.

మధ్యాహ్నం ఈజిప్టు నాగరికతా మ్యూజియం. 2021 ఏప్రిల్ 3న ఇరవై రెండు రాజ మమ్మీలని, పద్ధెనిమిది మంది రాజుల్నీ నలుగురు రాణుల్నీ ఊరేగింపుగా తహ్రీర్ నుంచి ఇక్కడికి తెచ్చారు. కిందికి దిగే చీకటి దారి. ఫొటోలు తియ్యకూడదు, గట్టిగా మాట్లాడకూడదు. రెండవ రామ్సెస్ తలమీద ఎర్రటి వెంట్రుకలున్నాయి. 66 ఏళ్ళు ఏలిన మనిషి. వేళ్ళు పట్టుకుంటే కదులుతాయేమో అన్నట్టున్నాయి.

వీళ్ళు ఇలా మిగలడమే విచిత్రం. రాజుల లోయలో దొంగలు సమాధులు పగలగొడుతుంటే, 21వ రాజవంశం నాటి పూజారులు రాజుల్ని తీసి, కొత్తగా గుడ్డలు చుట్టి, గుడ్డ మీద పేర్లు రాసి, డేర్ ఎల్-బహ్రీ కొండ దగ్గర ఒక గుంటలో రహస్యంగా దాచారు. ఆ పేర్లు రాయకపోయి ఉంటే ఇవాళ ఇక్కడ పేరులేని ఎండిన శరీరాలు మాత్రమే ఉండేవి. 1881లో ఆ గుంట బయటపడి, మమ్మీలని స్టీమరులో కైరోకి తీసుకొస్తుంటే, నైలు ఒడ్డునున్న ఊళ్ళ ఆడవాళ్ళు జుట్టు విరబోసుకుని శోకాలు పెట్టారట. మూడువేల ఏళ్ళ కింద చనిపోయినవాళ్ళకి మళ్ళీ శోకం.

ఆ రాత్రి రైలెక్కి లక్సర్‌కి. అరిసెల డబ్బా విప్పితే గైడు రెండు తిని, మూడోది పిల్లల కోసమని కాగితంలో చుట్టుకున్నాడు.

ఐదో రోజు: కర్నాక్

కర్నాక్ గుడిలో 134 స్తంభాల హాలు. నడిమి 12 స్తంభాలు 21 మీటర్ల ఎత్తు. మొదటి సేతీ మొదలుపెట్టాడు, రామ్సెస్ పూర్తి చేశాడు. వీటి గురించి చెప్పుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు కాబట్టి నేను హత్షెప్సుత్ స్తంభం దగ్గరికి వెళ్తాను.

ఆమె రాణిగా మొదలై రాజుగా ఏలింది. దాదాపు ఇరవై రెండేళ్ళు. ఈ ఒబెలిస్కు ఒకే గ్రానైటు రాయి, ఇరవై తొమ్మిది మీటర్ల ఎత్తు, మూడువందల టన్నులకి పైనే. ఇలాంటివి రెండు నిలబెట్టింది, రెంటినీ కొండలోంచి చెక్కి తీయించడానికి ఏడు నెలలు పట్టిందని అడుగున రాయించింది. ఆ రాతలోనే ఇంకో మాట ఉంది. నా గుండె ఇటూ అటూ కొట్టుకుంటోంది, రాబోయే ఏళ్ళలో నా కట్టడాలు చూసి నేను చేసినదాని గురించి చెప్పుకునేవాళ్ళు ఏమంటారో అని.

గైడు ఆ మాటలు మెల్లగా చదివి చెబుతుంటే నాకు వెన్ను జలదరించింది. ఫారోలంటే గెలుపులు, బందీల తలలు, దేవుడి కొడుకునన్న మాటలు. వాటి మధ్య ఒక రాజు, ఆడది, నా గురించి ఏమనుకుంటారో అని గుబులుపడింది. ఆ గుబులు నిజమే అయింది. ఆమె పోయిన దాదాపు ఇరవై ఏళ్ళకి, ఆమె తర్వాత ఏలిన మూడవ తుత్మోస్ ఆమె పేర్లు, బొమ్మలు చెక్కేయించాడు. ఒబెలిస్కు చుట్టూ గోడ కట్టించాడు. గోడ మాటున ఉండబట్టే ఆ రాయి కిందిభాగం ఎండా గాలీ తగలక కొత్తగా మిగిలింది.

"దాచిపెట్టడానికి కట్టినదే కాపాడింది" అన్నాను. అక్క పట్టించుకోలేదు, రాయి మీద చెయ్యి ఆనించి కళ్ళు మూసుకుని ఉంది.

ఆరో రోజు: పడమటి ఒడ్డు

పడవలో నైలు దాటి పడమటి గట్టుకి. పొద్దున్న ముందు డేర్ ఎల్-బహ్రీ. హత్షెప్సుత్ కట్టించిన మూడు అంతస్తుల గుడి, వెనక కొండ నిట్టనిలువుగా. పుంత్ దేశానికి ఆమె పంపిన ఓడల యాత్ర ఇక్కడ గోడంతా ఉంది. కర్రల మీద నిలబెట్టిన గూళ్ళ లాంటి ఇళ్ళు, నీళ్ళలో ఒక్కో రకం చేప గుర్తుపట్టేంత వివరంగా, బుట్టల్లో వేళ్ళతో సహా పెట్టి మోసుకొస్తున్న సాంబ్రాణి మొక్కలు.

పై అంతస్తులో ఒక మూల, ఇద్దరు దేవుళ్ళ మధ్య ఆమె నిలబడాల్సిన చోట, ఆమె ఆకారంలోనే ఒక గుంట. దగ్గరికెళ్ళి చూశాను. ఉలి దెబ్బలు ఒక్కొక్కటి కనబడుతున్నాయి, చిటికెన వేలి గోరంత వెడల్పు, వరసగా, పైనుంచి కిందికి, తొందరపడకుండా. రాజకిరీటం అంచు, ముక్కు, గడ్డం వంపు పొరపాటు పోకుండా చెక్కేశాడు పనివాడు. అంత జాగ్రత్తగా చెక్కేశాడు కాబట్టే గుంట ఆమె లాగే ఉంది. పక్కన అక్షరాల్లో ఒకటి రెండు చోట్ల స్త్రీలింగపు గుర్తు మర్చిపోయి వదిలేశారు. ఆ చిన్న గుర్తులు పట్టుకునే పండితులు ఆమెని మళ్ళీ లాగి తెచ్చారు.

మధ్యాహ్నం మదీనెత్ హాబూ, మూడవ రామ్సెస్ గుడి. ఇక్కడ అక్షరాలు ఎంత లోతుగా చెక్కారంటే, నా చెయ్యి మణికట్టు దాకా ఒక గుర్తులో దిగింది. రెండవ రామ్సెస్ పాత రాజుల విగ్రహాల మీద తన పేరు వేసుకున్న సంగతి ఈయనకి తెలుసు. తన పేరు మీద ఇంకెవరూ పేరు వెయ్యకుండా చూసుకున్నాడు. రాతి గుర్తుల్లో ఇప్పుడు పావురాలు గూళ్ళు కట్టుకున్నాయి.

అక్కడి నుంచి డేర్ ఎల్-మదీనా. నాకు ఈ యాత్ర మొత్తానికి గుండెకాయ ఇదే. రాజుల సమాధులు తొలిచి, రంగులు వేసిన పనివాళ్ళ ఊరు. చుట్టూ గోడ, లోపల అరవై పైచిలుకు ఇళ్ళు, ఒకే వీధి. ఇళ్ళ మొదళ్ళు మోకాళ్ళ ఎత్తులో మిగిలాయి. రాళ్ళ గట్టు మీద కూర్చుని గైడు ఇక్కడి సంగతులు చెప్పాడు. మూడవ రామ్సెస్ ఇరవై తొమ్మిదో ఏట, జీతంగా ఇచ్చే గింజలు రాక, పనివాళ్ళు పని ఆపేసి గుళ్ళ వెనక వెళ్ళి కూర్చున్నారు. ఆకలేస్తోంది, బట్టల్లేవు, నూనె లేదు, చేప లేదు, కూర లేదు, పైవాళ్ళకి చెప్పండి అన్నారు. చరిత్రలో రాసి ఉన్న మొదటి సమ్మె ఇది. ఆ రాత ఉన్న పపైరస్ ఇప్పుడు ఇటలీలోని టురిన్‌లో ఉంది.

ఇంకొక రాయి సంగతి. రెండవ రామ్సెస్ నలభయ్యో ఏటి హాజరుపట్టీ, సున్నపురాయి పలక మీద రాసింది, ఇప్పుడు లండన్‌లో ఉంది. పనివాళ్ళ పేర్లు, ఏ తేదీన రాలేదు, ఎందుకు రాలేదు. తేదీ నల్ల సిరాతో, కారణం పైన ఎర్ర సిరాతో. సెబాని తేలు కుట్టింది. ఇంకొకరికి కళ్ళకలక. ఒకడు బీరు కాస్తున్నాడు. ఒకడు తల్లి శవం పని చూసుకుంటున్నాడు.

అక్క పెద్దగా నిట్టూర్చి నవ్వింది. "ముప్ఫై ఒక్కేళ్ళు ఇదే రాశాన్రా. జ్వరం, జ్వరం, పత్తికి పోయాడు, చెల్లెల్ని ఎత్తుకుంది." నోటుబుక్కులో సెబా పేరు రాసింది. పక్కన ఎర్ర పెన్ను లేదని నన్నడిగి, నా దగ్గరా లేదని తెలిసి, నల్ల పెన్నుతోనే 'తేలు' అని రాసింది.

సెన్నెజెమ్ అనే పనివాడి సమాధికి దిగాం. ఇరుకు గది, గుండ్రటి కప్పు, పసుపురంగు నిన్న వేసినట్టుంది. గోడ మీద సెన్నెజెమ్, భార్య ఇనెఫెర్తి, తెల్ల బట్టలు కట్టుకుని, పరలోకపు పొలంలో దున్నుతున్నారు, కోత కోస్తున్నారు. గోధుమ చెట్టు మనిషంత ఎత్తు. రాజుకోసం జీవితమంతా సమాధులు తొలిచి, ఖాళీ దొరికినప్పుడు తనకోసం తొలుచుకున్నాడు. రాజుల లోయలో ఎంతో పెద్దవి చూశాం మధ్యలో, సేతీ సమాధి కొండలోకి 137 మీటర్లు పోతుంది, తుతాంఖమున్ ఒళ్ళు ఇంకా తన చిన్న గదిలోనే ఉంది. ఈ చిన్న గదిలోని వెలుగు మాత్రం ఎక్కడా చూడలేదు. అమరావతి స్తూపం రాతి మీద విధికుడనే చర్మకారుడు తన దానం చెక్కించి పెట్టుకున్న శాసనం గుర్తొచ్చింది. తోలుపని చేసుకునే మనిషి పేరు అది, శాతవాహన రాజుల పేర్ల సరసన రెండువేల ఏళ్ళుగా ఉంది.

ఏడో రోజు: అబీదోస్

లక్సర్ నుంచి కారులో మూడు గంటలు. దారి పొడుగునా చెరకు బళ్ళు, కాలువలు, గాడిదల మీద పిల్లలు. ఒక్క గోడ కోసం ఇంత దూరం వచ్చాం.

మొదటి సేతీ గుడిలో ఒక సన్నటి నడవా. గోడ మీద సేతీ నిలబడి ఉన్నాడు, ముందు చిన్న పిల్లాడు రామ్సెస్, చేతిలో విప్పిన చుట్ట, చదువుతున్నాడు. వాళ్ళ ఎదురుగా వరసలుగా కార్టూష్‌లు. 76 మంది రాజుల పేర్లు. మొదటివాడు మెనీ. చివర సేతీ. తాతల పేర్లన్నీ కొడుకుచేత పైకి చదివించి రొట్టె, బీరు, ఎద్దులు నైవేద్యం పెడుతున్నాడు తండ్రి.

ఆ వరసలో హత్షెప్సుత్ లేదు. అఖెనాతెన్ లేడు. స్మెంఖ్కరే లేడు, తుతాంఖమున్ లేడు, ఆయ్ లేడు. మూడవ అమెన్హోతెప్ పక్కన నేరుగా హొరెంహెబ్ ఉన్నాడు. మధ్యలో ఖాళీ కూడా వదల్లేదు, ఎవరూ లేనట్టే. అఖెనాతెన్ తన కాలంలో కన్న తండ్రి పేరులోని అమున్ అనే ముక్కని కూడా ఉలితో కొట్టించాడు. తర్వాతివాళ్ళు అతని పేరు నోటితో అనకుండా, అతను కట్టించిన రాజధాని పేరుతో 'అఖెతాతెన్ శత్రువు' అనేవాళ్ళు. పేరు చెరపడమంటే చావు తర్వాత చంపడం వీళ్ళకి.

అయినా ఇవాళ వీధిలో పిల్లాణ్ణి ఆపి ఫారో పేరు చెప్పమంటే వాడు ముందు చెప్పేది ఈ జాబితాలో లేని తుతాంఖమున్ పేరే. గోడ మీద ఉన్న మెన్‌కౌహోర్ పేరు ఎవడు చెబుతాడు? అక్క చెప్పింది. చెయ్యి ఆనించకుండా, వేలు గాల్లో తిప్పుతూ, గైడు చెప్పినదాన్ని బట్టి పేర్లు పైకి అంటూ పోయింది. తేతీ, మెన్‌కౌరే, ఉనాస్. ఉనాస్ దగ్గర ఆగి, "వీణ్ణి మనం చూశాం" అంది.

ఈజిప్టు రాతలో అచ్చులు రాయరు కాబట్టి ఈ పేర్లు వాళ్ళు ఎలా పలికారో ఖచ్చితంగా ఎవరికీ తెలియదని గైడు చెప్పాడు. అక్క కాస్త దిగులుపడింది. "అయినా పిలుద్దాం. వాళ్ళే సర్దుకుంటారు" అంది.

ఎనిమిదో రోజు: అస్వాన్

రైలు, నది, రేవు. సాయంత్రం ఒక నూబియన్ ఇంట్లో కర్కదే ఇచ్చారు. ఎర్రటి రంగు, పులుపు, చక్కెర వేసి చల్లగా. ఒక గుక్క తాగి అక్క గ్లాసు వంక చూసింది. ఎండిన రేకలు తెప్పించి చూస్తే అవే, ఎర్ర గోంగూర కాయ చుట్టూ ఉండే దళసరి రేకలు. మనం ఆకు తింటాం, వీళ్ళు కాయ రేక తాగుతారు. ఇంటావిడకి ఆకుతో పచ్చడి చేస్తామని చేత్తో రుబ్బి చూపించింది అక్క.

తొమ్మిదో రోజు: అబూ సింబెల్

తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరి ఎడారి మీదుగా. రెండవ రామ్సెస్ నాలుగు విగ్రహాలు, ఇరవై మీటర్ల ఎత్తు. ఒకటి పాతకాలంలోనే భూకంపంలో విరిగి తల కింద పడి ఉంది. పక్క గుడి నెఫెర్తారిది. అక్కడ రాణి బొమ్మలు రాజు బొమ్మలంత ఎత్తున్నాయి. ఎవరికోసం సూర్యుడు ఉదయిస్తాడో ఆ నెఫెర్తారికి అని గుడి మీద రాయించాడు.

ఈ కొండ ఇక్కడిది కాదు. అస్వాన్ ఆనకట్ట నీళ్ళలో మునిగిపోతుందని 1964 నుంచి 1968 దాకా యునెస్కో చేతుల మీదుగా రెండు గుళ్ళనీ వెయ్యికి పైగా ముక్కలుగా కోసి, అరవై అయిదు మీటర్లు పైకి తెచ్చి అతికించారు. విగ్రహం మోకాలి దగ్గర కోత గీత సన్నగా కనబడుతుంది, చూడమని చెబితేనే.

"మన కొండలాగే" అంది అక్క వెంటనే. నాగార్జున సాగర్ నీళ్ళ కిందికి పోయిన ఇక్ష్వాకుల విజయపురి మాకు పక్క ఊరు లాంటిది. 1954 నుంచి 1960 దాకా తవ్వి, దొరికినవాటిని నాగార్జున కొండ ద్వీపం మీదికీ, అనుపుకీ చేర్చారు. మా నాయనమ్మ నీళ్ళకిందికి పోయిన ఊళ్ళ గురించి చెప్పేది. రాళ్ళని తరలించారు, సరే. ఈ నీళ్ళకింద ఉన్న నూబియన్ ఊళ్ళవాళ్ళని కొమ్ ఒంబో దగ్గరికి తరలించారు. కొత్త ఊళ్ళకి పాత పేర్లే పెట్టుకున్నారట. నది పోయింది, ఖర్జూరపు తోటలు పోయాయి. పేర్లు మోసుకుపోయారు. గుడి గురించి ప్రపంచమంతా చందాలు వేసింది, మనుషుల గురించి అంత మాట్లాడలేదన్న బాధ ఇక్కడా ఉంది, మా వైపూ ఉంది.

పదో రోజు: ఫిలే

చివరి రోజు పడవెక్కి ఐసిస్ దేవత గుడికి. ఇది కూడా నీళ్ళ బాధ పడి పక్క ద్వీపం అగిల్కియాకి మారిన గుడే. గైడుకి మేము దేనికోసం వచ్చామో ఇప్పటికి బాగా తెలుసు. పెద్ద ద్వారాలు, స్తంభాలు దాటించి, పడమటి వైపున్న హాడ్రియన్ గేటుకి తీసుకెళ్ళాడు. జనం అక్కడికి పెద్దగా రారు.

గోడ మీద మందూలిస్ అనే దేవుడి బొమ్మ, చేతివాటం అంత గొప్పగా లేదు. పక్కన కాస్త వంకరగా కొన్ని చిత్రాక్షరాలు. క్రీ.శ. 394 ఆగస్టు 24న చెక్కినవి. మూడున్నరవేల ఏళ్ళ చిత్రలిపిలో తేదీ తెలిసిన చివరి శాసనం ఇదే. నార్మర్ చేప, ఉలి నాటి నుంచి వచ్చిన రాత ఈ గోడ మీద ఆగిపోయింది. చెక్కినవాడు రాజు కాదు. ఐసిస్ గుడి పూజారి. పేరు ఎస్మెత్-అఖోమ్. తండ్రి పేరు ఎస్మెత్. ఎల్లకాలానికీ, శాశ్వతంగా అని రాసుకున్నాడు. కింద ఇంకో లిపిలో అది ఒసైరిస్ దేవుడి పుట్టినరోజని కూడా రాశాడు.

అతని చుట్టూ ఆ అక్షరాలు చదవగలిగినవాళ్ళు ఎంతమంది మిగిలి ఉంటారు? ఆ తర్వాత పద్నాలుగు వందల ఏళ్ళు ఎవరూ చదవలేకపోయారు. ఒకే శాసనం గ్రీకులోనూ చిత్రలిపిలోనూ ఉన్న రొసెట్టా రాయి 1799లో దొరికింది, దాని మీద కార్టూష్‌లో టాలెమీ రాజు పేరుంది. ఇంకో పేరు కావాల్సొచ్చింది, పోల్చి చూడటానికి. అది ఈ ఫిలే గుడి నుంచే తీసుకెళ్ళి ఇప్పుడు ఇంగ్లండులో ఉన్న ఒక ఒబెలిస్కు మీద దొరికింది, క్లియోపాత్రా అని. టాలెమీలో ఉన్న ప, ఒ, ల గుర్తులు క్లియోపాత్రాలోనూ వాటి వాటి చోట్ల ఉన్నాయి. 1822లో షాంపోలియోఁ అనే ఫ్రెంచి పండితుడు ఆ తీగ పట్టుకుని మొత్తం లిపి లాగాడు. రాజుల పేర్ల చుట్టూ ఆ తాడుగీత గీసి ఉండబట్టే, ఇదిగో ఇది పేరు అని తెలిసింది. చిట్టచివరి అక్షరం చెక్కిన చోటి రాయే మొదటి అక్షరం మళ్ళీ చదివించింది.

అక్క కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, ఆ వంకర అక్షరాల ముందు చాలాసేపు నిలబడింది. గైడుచేత ఆ పేరు నాలుగుసార్లు చెప్పించుకుని, బుక్కులో రాసుకుంది.

తిరుగు పడవలో నోటుబుక్కు తెరిచి, క్లాసులో నిలబడినట్టు గొంతు సవరించుకుని మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టింది. మేరర్. ఖుఫూ. ఇమ్‌హోతెప్. ఉనాస్. ఖయెంవసెత్. పడవవాడు మోటారు జోరు తగ్గించాడు. హత్షెప్సుత్ దగ్గర ఆమె గొంతు కాస్త పెరిగింది. సెబా, సెన్నెజెమ్, ఇనెఫెర్తి. పడవ రేవుకి తగిలింది. ఇంకా ఒక పేజీ ఉంది. అక్క లేవలేదు. పడవవాడు తాడు చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.